అన్ని వైపులా కుట్టిన టీషర్టు

మా హాల్లో సోఫాకి ఎదురుగా ఉన్న గోడ చాలాకాలం బోసిగా ఉండేది. కిటికీ లేదు, అలమార లేదు. మాకంటే ముందు అద్దెకున్నవాళ్ళు కొట్టి వదిలేసిన మేకు ఒక్కటే ఉండేది. నేను ఇంట్లోనే బట్టలు సరిచేస్తాను. ప్యాంట్ల పొడవు తగ్గించడం, జిప్పులు మార్చడం, ఒళ్ళు చేసినవాళ్ళ చొక్కాలు విప్పి వదులు చేయడం, ఇదీ నా పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిషను ముందే నా కాపురం కాబట్టి తల ఎత్తినప్పుడల్లా ఆ గోడే కనిపించేది. దానికేదైనా తగిలించాలని మూడేళ్ళుగా అనుకుంటున్నాను. దుకాణాల్లో బొమ్మల ధరలు విని ప్రతిసారీ ఉత్త చేతులతో తిరిగొచ్చేదాన్ని.

చివరికి ఉపాయం చెప్పింది జిప్పు మార్పించుకోవడానికి వచ్చిన ఒక టీచరమ్మ. బాగా ఇష్టమైన పాత టీషర్టుని అట్టకి తొడిగి ఫ్రేములో పెడితే గోడకి అందమట, పెద్ద ఖర్చు కూడా ఉండదట. "వెనకవైపు నాలుగు కుట్లు వేస్తే చాలమ్మా, బట్ట జారకుండా ఉంటుంది. పాత ఫ్రేము ఎక్కడైనా చవగ్గా దొరుకుతుంది" అంది. ఆవిడ మాట పూర్తవకముందే నాకు మా ఆయన టీషర్టు కళ్ళ ముందు కనిపించింది.

మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మొదటి ఉద్యోగంలో చేరిన రోజు కంపెనీవాళ్ళు ఇచ్చిన టీషర్టు అది. ఒకప్పుడు ముదురాకుపచ్చ రంగట, నేను చూసేనాటికే వెలిసిపోయింది. రొమ్ము మీద కంపెనీ పేరు రాలిపోయి, పైకి చూపించే బాణం గుర్తు ఒక్కటే మిగిలింది. చంకల్లో చిల్లులు, మెడ సాగిపోయి ఒక భుజం మీదకి జారేది. డ్యూటీ నుంచి రాగానే అదే తొడుక్కునేవాడు, అందులోనే పడుకునేవాడు. ఆదివారం తనే ఉతుక్కుని, ఆరేదాకా దాని చుట్టూనే తిరిగేవాడు.

"అది టీషర్టు కాదండీ, నాకు సవతి" అనేదాన్ని.

"సవతివి నువ్వు. అది నీకంటే ఆరేళ్ళు ముందొచ్చింది" అనేవాడు.

ఒకసారి పొరపాటున మసిగుడ్డల్లో వేశానని రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. అలాంటి మనిషికి దాన్ని చక్కగా ఫ్రేము కట్టి చూపిస్తే ఎంత సంతోషిస్తాడో అనుకున్నాను. ఇంకో ఏడాది తొడుక్కుంటే అది ఎలాగూ పీలికలైపోతుంది. నా గోడా నిండుతుంది, ఆయన టీషర్టూ దక్కుతుంది.

పాత సామాన్ల దుకాణంలో ఒక ఫ్రేము దొరికింది. నల్ల చెక్క, గాజు మీద ఒక్క గీత కూడా లేదు. మిషను వెనక దాచి, మా పెళ్ళిరోజు కోసం ఎదురుచూశాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నాకు కుట్టు నేర్పింది మా పిన్ని. సూది పట్టించిన మొదటి రోజే ఒక షరతు పెట్టింది. "ఒంటి వేడి ఆరని బట్ట మీద సూది పెట్టకే. ఎవరైనా విప్పి ఇస్తే దులుపు, కాసేపు దండెం మీద వెయ్యి, చల్లారాక ముట్టుకో." ఎందుకని అడిగితే, "ఎందుకేంటి, పెట్టకూడదంతే" అని కసిరింది. ఇన్నేళ్ళలో నేను ఆ మాట తప్పలేదు. తొందరపెట్టే కస్టమర్లని కూడా పావుగంట కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అప్పుడే పని మొదలుపెట్టేదాన్ని.

పెళ్ళిరోజు పొద్దున తెల్లారకముందే వాన మొదలైంది. ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని ఆయనకి ఫోనొచ్చింది. హడావిడిగా లేచి, టీషర్టు విప్పి మంచం మీద పడేసి స్నానానికి వెళ్ళాడు. నేను దాన్ని తీసి మిషను సొరుగులో కుక్కి మూసేశాను. ఆయన కాఫీ తాగి, నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి, "సాయంత్రం బయట తిందాంలే" అని వెళ్ళిపోయాడు. తలుపు మూసుకోగానే సొరుగు తెరిచాను. టీషర్టు ఇంకా వెచ్చగా ఉంది. మెడ దగ్గర కాస్త తడి కూడా ఉంది.

పిన్ని మాట గుర్తు రాలేదని అబద్ధం చెప్పను, గుర్తొచ్చింది. కానీ మధ్యాహ్నానికి ఇవ్వాల్సిన ప్యాంట్లు నాలుగు ముందున్నాయి, ఇది చల్లారేదాకా ఎవరు కూర్చుంటారు? మూఢనమ్మకం అని నాకు నేనే చెప్పుకుని, అట్ట కత్తిరించి, టీషర్టు తొడిగేశాను.

టీచరమ్మ నాలుగు కుట్లు చాలంది. ఆవిడకేం, ఆవిడ టైలరు కాదు. నాకు నోరు తెరుచుకున్న బట్ట కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. మెడ ఖాళీగా కనిపిస్తే లోపలికి దుమ్ము పోతుందేమో అనిపించి మెడ కుట్టేశాను. మెడ కుట్టాక చేతులు బాగోలేవనిపించి చేతులు కుట్టాను. చివరికి కింది అంచు కూడా. అదే రంగు దారం, బియ్యపు గింజంత చేతికుట్లు, ఎక్కడా ఒక్కటి వంకరపోలేదు. టీషర్టుకి ఎటువైపూ దారి లేకుండా మూసేసి, ఫ్రేములో పెట్టి, వెనక టేపు వేసి, మేకుకి తగిలించాను. వెనక్కి నడిచి చూసుకుంటే నిజంగానే బాగుంది.

ప్యాంట్లు పూర్తయ్యేసరికి మధ్యాహ్నమైంది. వాన ఆగలేదు. కిటికీలు మూసే ఉన్నాయి, అయినా హాల్లో ఆయన వాసన వస్తోంది. గ్రీజు, సబ్బు, కొంచెం చెమట. ఆయన వచ్చి పక్కన నిలబడితే వచ్చే వాసన. తల ఎత్తి తలుపు వైపు చూశాను, ఎవరూ లేరు.

మిషను తొక్కడం ఆపినప్పుడల్లా ఇంకో చప్పుడు వినిపించేది. అట్ట మీద బట్ట రాసుకుంటున్నట్టు... సర్... సర్... మళ్ళీ సర్. వానకి అట్ట ఉబ్బుతోంది కాబోలనుకున్నాను. లేచి దగ్గరికి వెళ్ళి చూస్తే గాజు మీద, సరిగ్గా మెడ ఉన్న చోట, అరచేయంత ఆవిరి పట్టి ఉంది. కొంగుతో తుడిచాను, పోలేదు. గట్టిగా రుద్దాను. అది బయట లేదు. లోపలివైపు ఉంది. నేను చూస్తుండగానే చిన్నదయింది, మళ్ళీ పెద్దదయింది.

తడి బట్ట మూసిపెట్టావు, ఆవిరి రాదూ మరి, అని నన్ను నేను తిట్టుకున్నాను. కానీ ఆ తర్వాత మిషనుని కొంచెం పక్కకి తిప్పి, గోడ కనిపించకుండా కూర్చున్నాను.

మూడింటికి ఆయన ఫోను చేశాడు.

"ఏమే... ఒంట్లో బాగోలేదు. వచ్చేస్తున్నా."

"ఏమైందండీ?"

"ఏమో. చొక్కా బిగుతుగా ఉన్నట్టుంది. గుండీలన్నీ తీసేశాను. అయినా... ఊపిరాడట్లేదు."

ఇంటికొచ్చేసరికి ఐదయింది. నిలువునా తడిసిపోయాడు. మొహంలో నెత్తురు లేదు. గోడ వైపు కన్నెత్తి కూడా చూడకుండా తిన్నగా గదిలోకి వెళ్ళి మంచం మీద పడ్డాడు. తడి చొక్కా నేనే విప్పాను. రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. తువ్వాలుతో మెడ తుడుస్తుంటే వేళ్ళకి ఏదో గరుకుగా తగిలింది. లైటు వేసి చూశాను.

మెడ చుట్టూ ఎర్రటి చుక్కలు, వరసగా. జబ్బల మీద కూడా, టీషర్టు చేతులు ఆగే చోట. నడుము చుట్టూ కూడా. చుక్కకీ చుక్కకీ మధ్య బియ్యపు గింజంత దూరం.

ఎవరి చేతిరాత వాళ్ళు గుర్తుపట్టినట్టు నా కుట్టు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. అవి నా కుట్లు.

అంబులెన్సుకి ఫోను చేశాను. "రోడ్లన్నీ నీళ్ళమ్మా, గంట పడుతుంది, కాస్త ఓపిక పట్టండి" అన్నారు. ఓపిక నాకు కాదు, ఆయనకి ఉండాలి. ఊపిరి తీసుకోవడానికి నోరు తెరుస్తున్నాడు, లోపలికి ఏమీ పోవట్లేదు. పెదాలు నల్లబడుతున్నాయి. అప్పుడే కరెంటు పోయింది.

చీకట్లో తడుముకుంటూ మిషను దగ్గరికి వెళ్ళి, కుట్లు విప్పే చిన్న కత్తి తీసుకున్నాను. గోడ మీంచి ఫ్రేము దించాను. పొద్దున ఒంటి చేత్తో తగిలించిన ఫ్రేము ఇప్పుడు రెండు చేతులతో కూడా ఆగట్లేదు. కింద పెట్టి, టేపు చించి, టీషర్టు బయటికి లాగి ఒళ్ళో పెట్టుకున్నాను.

వెచ్చగా ఉంది. పొద్దున్నకంటే వెచ్చగా.

వేళ్ళతో మెడ వెతికి, మొదటి కుట్టు తెంపాను. రెండోది. మూడోది. ఆ కాస్త సందులోంచి నా మణికట్టుకి గాలి తగిలింది. వెచ్చటి గాలి. ఆ క్షణంలోనే గదిలో ఆయన ఎగశ్వాస ఆగింది. ప్రాణం పోయిందేమో అనుకున్నాను. వెంటనే నిదానంగా, హాయిగా ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నాలుగో కుట్టు మీద కత్తి పెట్టాను.

"ఏమే..."

గుసగుస. గదిలోంచి కాదు. నా ఒళ్ళోంచి.

"ఏమే... విప్పు. త్వరగా..."

కత్తి జారిపోబోతే పట్టుకున్నాను.

"ఏం చేస్తున్నావు?" గదిలోంచి ఆయన గొంతు. స్పష్టంగా, ఆయాసం లేకుండా.

"కుట్లు... కుట్లు విప్పుతున్నానండీ."

"వద్దు. నాకు తగ్గిపోయింది."

"విప్పు..." ఒళ్ళో టీషర్టు. "వినకు... నేనే..."

మంచం కిర్రుమంది. అడుగుల చప్పుడు. తొందరేమీ లేదు ఆ అడుగుల్లో. చప్పుడు నా వెనకే వచ్చి ఆగింది. నా భుజం మీద చెయ్యి పడింది. ఆయన చెయ్యే. బొటనవేలి మీద పాత కోత గాటు కూడా తగిలింది. చల్లగా ఉంది, వానలో తడిసొచ్చిన మనిషి చెయ్యి చల్లగానే ఉంటుంది కదా.

"మళ్ళీ కుట్టేయ్" అన్నాడు మెల్లగా. "ఎంత బాగా కుట్టావు."

ఒళ్ళో బట్ట ఒక్కసారి కదిలింది. నిద్రలో పక్కమీద నన్ను వెతుక్కునే చెయ్యి కదిలినట్టు. "నేనేనే..." అంది. తర్వాత ఊపిరి చాలక మాట రాలేదు.

నేనేం చెయ్యాలి? ఒక పక్క ఆయాసం తగ్గి, కాళ్ళ మీద నిలబడి, భుజం మీద చెయ్యేసి మాట్లాడుతున్న మొగుడు. ఇంకో పక్క ఒక పాత గుడ్డ. అంతసేపూ ఆయన ఎక్కడ పోతాడోనని చచ్చిపోయాను. ఇప్పుడు బాగున్నాడు. బాగున్న మనిషి చెబుతుంటే టీషర్టు మాట ఎవరు వింటారు?

సూది తీసుకున్నాను. చీకట్లో, వేళ్ళతో తడుముకుంటూ, తెంపిన మూడు కుట్లూ మళ్ళీ వేశాను. మూడోది బిగించేటప్పుడు లోపలి నుంచి నా పేరు వినిపించింది. మా ఆయన నన్ను పేరు పెట్టి పిలిచేది చాలా తక్కువ. ముడి వేసి దారం కొరికేశాను.

కరెంటొచ్చింది. కాసేపటికి అంబులెన్సువాళ్ళూ వచ్చారు. నాడి చూశారు, గుండె చూశారు, యంత్రం పెట్టి బీపీ చూశారు. "మీకంటే ఈయనే బాగున్నాడమ్మా, మీరు కాస్త మంచినీళ్ళు తాగండి" అని నవ్వి వెళ్ళిపోయారు. మెడ మీద ఒక్క చుక్క కూడా లేదు. ఆయనే ఫ్రేము మళ్ళీ సర్ది, టేపు వేసి, గోడకి తగిలించాడు. ఎటూ ఒరగకుండా తిన్నగా తగిలించాడు.

ఇది జరిగి ఐదు వారాలైంది.

ఆయన బాగున్నాడు. టైముకి వెళ్తాడు, టైముకి వస్తాడు. నేను కొన్న కొత్త బనియన్లు వంక పెట్టకుండా తొడుక్కుంటాడు. కూరలో ఉప్పు మరిచిపోయినా బాగుందంటాడు. ఒక్కసారి కూడా, ఆ టీషర్టు ఫ్రేములో ఎందుకు పెట్టావని అడగలేదు. మసిగుడ్డల్లో వేస్తేనే రెండ్రోజులు అలిగిన మనిషి. పక్కమీద నా వైపు తిరిగి పడుకుంటాడు, రొమ్ము పైకీ కిందకీ కదులుతుంది. చెయ్యి అడ్డం పెట్టి చూశాను. ముక్కులోంచి గాలి రాదు.

గాజు మీద ఆవిరి మాత్రం రోజూ సాయంత్రం, ఆయన ఇంటికొచ్చే వేళకి వచ్చేది. మొదట్లో అరచేయంత. రెండు వారాలకి నిమ్మకాయంత. మొన్న మంగళవారం చూస్తే చొక్కా గుండీ అంత. అది చూసి మిషను ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. నేను తప్పు చేశాను. ఆ రోజు ఒళ్ళో పెట్టుకుని, నోటితో పిలిచిన మనిషిని, నా చేతులతో నేనే మూసేశాను. చావుబతుకుల్లో ఉన్నవాడిని వదిలేసి, నిలబడి ఉన్నవాడిని ఎంచుకున్నాను.

నిన్న ఆయన డ్యూటీకి వెళ్ళగానే తలుపు గడియ వేశాను. ఏమైతే అదైంది, విప్పేస్తాను అనుకున్నాను. ఎవరు బతుకుతారో, ఎవరు పోతారో, చూద్దాం. ఫ్రేము దించితే తేలిగ్గా ఉంది. ఆ తేలికకే నాకు భయం వేసింది. టేపు చించి టీషర్టు బయటికి తీశాను.

నా కుట్లు కనిపించలేదు. వాటి మీద ఇంకో కుట్టు పడి ఉంది. లావు దారంతో, దగ్గరదగ్గరగా, రెండేసి వరసలు. మెడకి, చేతులకి, అంచుకి. నా కుట్టుకంటే నీటుగా. మా ఆయనకి ఊడిన గుండీ కుట్టుకోవడం కూడా రాదు.

కత్తితో ఆ దారాన్ని కోశాను. కోస్తూనే ఉన్నాను. చెమటలు పట్టాయి. దారం తెగట్లేదు. మెడ దగ్గర చెవి పెట్టాను. "ఏవండీ" అన్నాను. "ఏవండీ, నేనేనండీ... పలకండి." చాలాసేపటికి లోపల ఎక్కడో, దూరంగా, సర్... అని ఒక్కసారి. అంతే.

"దించేశావేం?"

తల ఎత్తాను. ఆయన తలుపుకి ఇవతల నిలబడి ఉన్నాడు. నేను వేసిన గడియ వేసినట్టే ఉంది. ఇంకా మధ్యాహ్నమైనా కాలేదు. చంకలో ఒక ఫ్రేము. నల్ల చెక్క, కొత్తది, ఖాళీది.

"దుమ్ము... దుమ్ము దులుపుతున్నాను" అన్నాను.

కోప్పడలేదు. నా చేతుల్లోంచి టీషర్టుని పసిపిల్లని తీసుకున్నట్టు తీసుకుని, సర్ది, గోడకి తగిలించాడు. దాని పక్కన మేకు కొట్టాడు. కొత్త ఫ్రేముని ఆనించి చూసి, దించి, నా పక్కన కూర్చున్నాడు.

"గోడ ఒక పక్కే నిండిందే. చూడ్డానికి బాగోలేదు. నీది కూడా ఏదైనా పాతది ఇవ్వు."

ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటే చాలనిపించింది. "ఇస్తాను. ముందు... ముందు బట్ట ఏదో తేలాలి కదండీ. దాన్నిబట్టి దారం కొనాలి."

"దారం తెచ్చేశాను" అన్నాడు.

జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. చిన్న రీలు. అది గోధుమరంగూ కాదు, గంధపు రంగూ కాదు. ఇన్నేళ్ళలో వెయ్యి రంగుల దారాలు చూశాను, ఆ రంగు ఏ బట్టకీ వాడగా చూడలేదు.

"ఈ రంగు దేనికి?"

ఆయన నవ్వాడు. నా గడ్డం పట్టుకుని, మొహాన్ని మెల్లగా వెలుతురు వైపు తిప్పాడు. రీలుని నా మెడ మీద ఆనించి, తల కాస్త పక్కకి వంచి, ఒక కన్ను మూసి చూశాడు.

"సరిపోయింది" అన్నాడు.